కొండ కనిపించే కిటికీ, కొండ మీదికి వెళ్లే బాట

సభాధ్యక్షులకు, ఇంత ఓపికగా ఇక్కడికి వచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఉద్యోగ విరమణ తరువాత ప్రకృతి అందంగా ఉండే పల్లె ప్రాంతానికి మకాం మార్చడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. 9 ఏళ్ల కిందట, నాకు 61, నా భార్యకు 59 ఏళ్ల వయసులో, మేమిద్దరం కొండల నడుమ ఒక సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరికి మారాం. ఆ నిర్ణయం గురించి నాకు ఏనాడూ విచారం కలగలేదు. కానీ దాన్ని తీసుకున్న తీరులో మేము చేసిన పొరపాట్లు ఉన్నాయి. ఇదే ఆలోచనలో ఉన్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారని తెలుసు కనుక, మా పొరపాట్ల దగ్గరి నుంచే మొదలుపెడతాను.

మేము ఆ ఇంటిని ఎంచుకున్నది ఒక కిటికీ కోసం. ముందు గదిలో దాదాపు గోడంత వెడల్పున ఉన్న ఆ కిటికీలోంచి సరస్సు, దాని వెనక అడవి, అడవి పైన శిఖరం ఒక్క చూపులో కనిపిస్తాయి. ఇల్లు చూడడానికి వెళ్లిన రోజు మేమిద్దరం పావుగంట సేపు దాని ముందు నిలబడిపోయాం. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, చలికాలంలో దారి మూసుకుపోతుందో లేదో, ఆసుపత్రి ఎంత దూరమో అడగాలన్న ధ్యాసే మాకు రాలేదు. చేరిన మొదటి నెలంతా ప్రతి ఉదయం ఆ కిటికీ దగ్గరే గడిపాం. అయిదో నెలలో ఒక స్నేహితుడు ఫోన్ చేసి శిఖరం మీద మంచు పడిందా అని అడిగితే, అప్పటికి రెండు గంటలుగా ఆ కిటికీ పక్కనే కూర్చుని ఏవో లెక్కలు రాసుకుంటున్న నేను, తల ఎత్తి చూసి గానీ జవాబు చెప్పలేకపోయాను. మంచు పడి ఉంది. రాత్రే పడి ఉండాలి. నేను చూడనే లేదు.

ఆ రోజు నాకు కొంచెం భయం వేసింది. ఇంత దూరం వచ్చింది దీని కోసమే కదా, ఇదే కంటికి ఆనకపోతే ఇక మిగిలేది ఏమిటి అనిపించింది. తరువాత చదివినప్పుడు తెలిసింది, ఇది నా ఒక్కడి లోపం కాదని. 1998లో డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో ఎండ, సముద్రపు గాలి పుష్కలంగా ఉండే దక్షిణ కాలిఫోర్నియాలోను, చలికాలం కఠినంగా ఉండే మధ్య పశ్చిమ ప్రాంతంలోను చదువుకుంటున్న దాదాపు 2 వేల మంది విద్యార్థులను వారు ప్రశ్నించారు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు చోట్ల వాళ్లూ ఊహించారు. అయితే తమ తమ జీవితం పట్ల ఎంత తృప్తిగా ఉన్నారని అడిగినప్పుడు మాత్రం రెండు ప్రాంతాల జవాబులూ ఒకేలా వచ్చాయి. ఒక చోటికి మారడం గురించి ఆలోచించేటప్పుడు మన మనసు ఆ చోటులో కొట్టొచ్చినట్టు కనిపించే తేడా మీదనే నిలుస్తుంది, అక్కడికి వెళ్లి బతికేటప్పుడు మాత్రం రోజులో ఎక్కువ భాగం నిద్ర, వంట, నొప్పులు, పక్కవారితో మాటలు, చేయవలసిన పనులు, వీటితోనే నిండిపోతుందని వారి వివరణ. నా కిటికీ విషయంలో జరిగింది సరిగ్గా అదే.

దృశ్యానికి విలువే లేదని నేను అనడం లేదు. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఎంతో ప్రసిద్ధమైనది. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం శస్త్రచికిత్స జరిగిన రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనిపించే గదిలో ఉన్న 23 మందిని, ఇటుక గోడ మాత్రమే కనిపించే గదిలో ఉన్న 23 మందితో ఆయన జతలు జతలుగా పోల్చారు. చెట్లు కనిపించినవారు సగటున దాదాపు ఒక రోజు ముందే ఇంటికి వెళ్లగలిగారు, బలమైన నొప్పి మందులు కూడా తక్కువగా వాడారు. మంచం మీద ఉన్న మనిషికి కిటికీ గొప్ప ఆసరా. కానీ విశ్రాంత జీవితంలో మనకు మిగిలిన మంచి సంవత్సరాలను మంచం మీది మనిషిలా, కిటికీ ముందే గడపనక్కర్లేదు కదా.

నన్ను ఆ రెండో ఏడాది నిలబెట్టింది ఇంటి వెనక నుంచి మొదలయ్యే ఒక కాలిబాట. ఇల్లు కొన్నప్పుడు దాన్ని మేము లెక్కలోకే తీసుకోలేదు. అది సరస్సు వెంట రెండు కిలోమీటర్లు దాదాపు సమతలంగా వెళ్లి, అక్కడ చీలి, ఒక పాయ ఒడ్డునే సాగితే మరో పాయ అడవిలోకి ఎక్కుతుంది. దాని మీద నేను ఇప్పటికి కొన్ని వేలసార్లు నడిచి ఉంటాను, అయినా విసుగు పుట్టలేదు. ఎందుకని చాలాసార్లు ఆలోచించాను. కిటికీలో శిఖరం నా ప్రమేయం లేకుండానే ఉంటుంది. బాట మీద మాత్రం ప్రతి అడుగూ నేను వేయాలి. నిన్న రాత్రి వాన పడితే రాయి జారుతుంది, మోకాలు నొప్పిగా ఉంటే ఎక్కుడు పొడుగైనట్టు ఉంటుంది, ఎదురుగా వచ్చిన మనిషితో రెండు మాటలు మాట్లాడవలసి వస్తుంది. శరీరం పని చేస్తున్నంత సేపూ మనసు ఆ చోటును వదిలి పోలేదు. అందుకే ఇల్లు ఎంచుకోవడానికి ఎవరైనా సలహా అడిగితే, అక్కడి నుంచి ఏం కనిపిస్తుందన్నది పక్కన పెట్టి, ముసురు పట్టిన మంగళవారం నాడు, కారు తీయకుండా, గుమ్మం దిగి ఎక్కడికి నడవగలరో చూసుకోమని చెబుతాను.

కారు తీయకుండా అన్న మాటను గట్టిగానే అంటున్నాను. మా ఊళ్లో పేరున్న నడక దారులన్నీ 10, 15 కిలోమీటర్ల దూరంలో మొదలవుతాయి. వాటిని చూసి మురిసి వచ్చినవాళ్లు మొదటి ఏడాది వారానికి మూడుసార్లు వెళతారు, రెండో ఏడాది నెలకు రెండుసార్లు, తరువాత చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది సమాచారంతో 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు, అసలు గడపనివారి కంటే తమ ఆరోగ్యం, మానసిక స్థితి బాగున్నాయని చెప్పే అవకాశం ఎక్కువని తేలింది. ఆ 120 నిమిషాలు ఒకే విడతలో గడిపినా, చిన్న చిన్న విడతల్లో గడిపినా తేడా కనిపించలేదు. అంటే రోజుకు 20 నిమిషాలు చాలు. అంతమాత్రానికి జాతీయ వనం అక్కర్లేదు, పొలం గట్టు చాలు, కాకపోతే అది గుమ్మం దగ్గరే ఉండాలి.

ఇక శరీరం సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆటపాటల కోసం, నడక కోసం, పడవ కోసం మనం ఆ చోటికి వెళుతున్నప్పుడు, వాటిని ఎంతకాలం చేయగలమన్నది తేల్చేది శరీరమే. ముప్పై ఏళ్లు దాటినప్పటి నుంచి మన కండరాలు పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం వరకు తరుగుతూ వస్తాయి, అరవై దాటాక ఆ తరుగుదల వేగం పెరుగుతుంది. ఈ తరుగుదల సమతలంలో నడిచినప్పుడు తెలియదు, కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది కనుక మనం ఆగుతాం. దిగేటప్పుడు రొప్పు ఉండదు, కనుక తొందరపడతాం. కానీ దిగుడులో తొడ ముందరి కండరం సాగుతూనే శరీర భారాన్ని ఆపవలసి వస్తుంది, అందుకే అది త్వరగా అలసిపోతుంది, అలసిన కండరం మోకాలిని సరిగా పట్టి ఉంచలేదు. మా ఊళ్లో పెద్దవాళ్లకు జరిగిన ప్రమాదాల్లో నేను ఎరిగినవన్నీ తిరుగు దారిలోనే, ఇల్లు దాదాపు కనిపిస్తున్నప్పుడే జరిగాయి. రెండు చేతులా ఊతకర్రలు పట్టుకుంటే దిగేటప్పుడు మోకాలి మీద పడే బరువు తగ్గుతుంది. నేను 64 ఏళ్ల వరకు వాటిని నామోషీగా భావించి వాడలేదు, అది తప్పు.

స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. కొండ నడకలో ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట లెక్క వేసుకోవాలన్నది దాని సారాంశం. ఆ లెక్క ఆరోగ్యంగా, అలవాటుగా నడిచే మనిషికి సరిపోతుంది, విశ్రాంతికి ఆగే సమయం అందులో లేదు. నేను దానికి సగం కలుపుకుంటాను, అంటే 4 గంటల దారికి 6 గంటలు. చీకటి పడే వేళను ముందుగా చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కించి బయలుదేరతాను. 65 ఏళ్లు దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమతో కూడిన వ్యాయామం చేయాలని, దానితో పాటు వారంలో కనీసం మూడు రోజులు పడిపోకుండా నిలదొక్కుకోవడానికి, బలానికి సంబంధించిన కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఈ రెండో భాగాన్ని నడిచేవాళ్లందరూ మరిచిపోతారు. నడక ఒక్కటే చేసేవారి గుండె బాగుండవచ్చు గానీ, ఒంటి కాలి మీద పది క్షణాలు నిలబడలేని మనిషి వాగు దాటే రాళ్ల మీద నిలబడలేడు.

ఎత్తు గురించి కూడా ఒక మాట చెప్పాలి. సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. వేసవిలో కొండ ఊళ్లు మనల్ని ఆకర్షించేది అందుకే, చలికాలంలో భయపెట్టేదీ అందుకే. 2,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో దాదాపు నాలుగింట మూడు వంతులే ఉంటుంది, కనుక ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గుతుంది. వారం రోజుల విహారానికి హాయిగా ఉన్న ఎత్తు, గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్న మనిషికి ఏడాది పొడవునా హాయిగా ఉంటుందని అనుకోకూడదు. డబ్బు చేతులు మారకముందే వైద్యుణ్ని అడగవలసిన విషయం ఇది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. యూజీన్ లిట్వాక్, చార్లెస్ లాంజీనో అనే సామాజిక శాస్త్రవేత్తలు 1987లో వృద్ధుల వలసల గురించి ఒక వ్యాసం రాశారు. విరమణ తరువాత మనుషులు మూడుసార్లు మారే అవకాశం ఉంటుందని అందులో చెప్పారు. ఆరోగ్యం, డబ్బు, జీవిత భాగస్వామి తోడు ఉన్నప్పుడు అందమైన చోటు వెతుక్కుంటూ చేసేది మొదటి మార్పు. ఒంట్లో శక్తి తగ్గి, ఇంటి పనులు కష్టమై, ముఖ్యంగా తోడు పోయినప్పుడు, పిల్లలకో దగ్గరివాళ్లకో సమీపంగా చేసేది రెండో మార్పు. ఇంట్లోవాళ్లు చేయగలిగిన దాని కంటే ఎక్కువ సేవ అవసరమైనప్పుడు సంరక్షణ కేంద్రానికి వెళ్లేది మూడో మార్పు. అందరికీ మూడూ జరుగుతాయని కాదు. కానీ అది చదివిన రోజు నాకు ఒక విషయం స్పష్టమైంది. మేము మొదటి మార్పును చివరి మార్పుగా భావించి ఇల్లు కొన్నాం. ఇక ఎక్కడికీ కదలం, ఇక్కడే ఉండిపోతాం అని అందరికీ చెప్పాం. ఆ మాట చెప్పేటప్పుడు ఎంతో ధైర్యంగా అనిపించింది, అయితే దాని వెనక ఆలోచన ఏమీ లేదు.

ఆలోచించవలసింది ముందుగా కారు నడపడం గురించి. పల్లెలో కాళ్ల కంటే ముందు ఆగిపోయేది అదే. 60 ఏళ్ల మనిషి కంటి రెటీనాకు చేరే వెలుతురు 20 ఏళ్ల మనిషితో పోలిస్తే సుమారు మూడో వంతే ఉంటుంది. కంటిపాప చిన్నదవుతుంది, కటకం మసకబారుతుంది. పట్నంలో వీధి దీపాలు ఆ లోటును కప్పిపుచ్చుతాయి, దీపాలు లేని కొండ మలుపులో కప్పిపుచ్చేది ఏదీ ఉండదు. నాకు 66వ ఏట రాత్రి బండి నడపడం మానేయవలసి వచ్చింది. చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడే చోట, రాత్రి నడపకపోవడమంటే సగం రోజు ఇల్లు కదలకపోవడమే. బస్సు ఉందా, ఎన్నింటికి ఉంది, సెలవు రోజుల్లో ఉందా, సరుకులు ఇంటికి తెచ్చేవారున్నారా, ఇవన్నీ తెలుసుకోవలసింది ఇంకా చక్కగా నడపగలుగుతున్న రోజుల్లోనే.

తరువాత ఆసుపత్రి. దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి, అంబులెన్స్ రావడానికి పట్టే సమయం, తిరిగి వెళ్లడానికి పట్టే సమయం రెండూ కలిపి నిమిషాల్లో కొలవండి. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు, గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. చికిత్స అందని ప్రతి నిమిషానికి సగటున 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని 2006లో ప్రచురితమైన ఒక అంచనా. ఆ చికిత్స కూడా ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో కుదరదు, మెదడు స్కాన్ తీసి చదవగలిగినవారు ఆ వేళకు అక్కడ ఉండాలి. కనుక దగ్గరి ఆసుపత్రి ఎక్కడ అని అడిగితే సరిపోదు, అర్ధరాత్రి పక్షవాతానికి చికిత్స చేయగల ఆసుపత్రి ఎక్కడ అని అడగాలి. మాకు ఈ ప్రశ్న తట్టింది పక్కింటాయనకు అలా జరిగిన తరువాతే. ఆయన బతికారు, మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

మూడోది చెప్పడానికి కష్టమైనది. ఇద్దరు కలిసి వెళ్లిన చోట ఒక రోజు ఒకరే మిగులుతారు. ఆ ఇంటిని ఆ ఒక్కరి కళ్లతో చూడాలి. కట్టెలు ఎవరు కొడతారు, మంచు ఎవరు ఎత్తిపోస్తారు, నీటి పంపు ఆగితే ఎవరికి చెప్పాలి, ఇంటి పన్ను ఎప్పుడు కట్టాలి? మా ఇంట్లో పంపు సంగతి నాకే తెలుసు, డబ్బు లెక్కలు మా ఆవిడకే తెలుసు. ఈ మధ్య రెండేళ్లుగా ఒకరి పని ఒకరికి నేర్పుకుంటున్నాం. మొదట్లో ఇద్దరికీ చిరాకుగా ఉండేది, ఇప్పుడు మేము కలిసి చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఒంటరితనం గురించి చెప్పాలంటే, 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే వైద్యులు జీవితంలోని మార్పులకు ఒత్తిడి పాయింట్లు కేటాయిస్తూ ఒక పట్టిక తయారు చేశారు. భార్య లేదా భర్త మరణానికి 100 పాయింట్లు. పదవీ విరమణకు 45, ఇల్లు మారడానికి 20, జీవన పరిస్థితులు మారడానికి 25, కాలక్షేపాలు మారడానికి 19, సామాజిక కార్యకలాపాలు మారడానికి 18 ఉన్నాయి. కూడి చూడండి, మనం ఎంతో ఆశపడి చేసుకునే ఈ ఒక్క మార్పు 127 పాయింట్లకు చేరుతుంది. సంతోషకరమైన మార్పు కూడా శరీరానికి భారమేనన్నది ఆ పట్టిక వెనక ఉన్న ఆలోచన. అందుకే ఉద్యోగం మానడం, ఊరు మారడం ఒకే నెలలో పెట్టుకోవద్దని నా సలహా. మధ్యలో ఒక ఏడాది ఉంటే, ఉద్యోగం లేని రోజు ఎలా ఉంటుందో పాత స్నేహితుల మధ్యనే తెలుసుకోవచ్చు. లేకపోతే ఉద్యోగం పోయిన వెలితిని కొత్త ఊరి మీదికి నెట్టేస్తాం, ఊరు మంచిది కాదంటాం.

కొత్త ఊళ్లో మనుషులు సెలవులకు వచ్చినప్పుడు కనిపించినట్టు ఉండరు. సెలవుల్లో మనం కలిసేది మనలాంటి సందర్శకులను. సందర్శకులు వెళ్లిపోయి, సగం ఇళ్లకు తాళాలు పడ్డాక మిగిలేవాళ్లే మన ఇరుగుపొరుగు. వారిలో కలవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, వారు అప్పటికే చేస్తున్న పనిలో చెయ్యి వేయడం. నేను మొదటి ఏడాది ఊరి సమావేశంలో లేచి, కాలిబాటల నిర్వహణ ఎలా ఉండాలో చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ చేయలేదు. రెండో ఏడాది పార పట్టుకుని బాట మీద నీరు నిలవకుండా కాలువ తీసేవారితో వెళ్లాను, అప్పటి నుంచి నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. మరో మాట కూడా ఒప్పుకోవాలి. మనలాంటివాళ్లు డబ్బు పట్టుకుని వెళ్లిన ప్రతిచోటా ఇళ్ల ధరలు పెరుగుతాయి, ఆ ఊళ్లో పుట్టిన యువకుడికి అక్కడ ఇల్లు దొరకదు. రేపు మనల్ని మోసుకెళ్లవలసిన అంబులెన్స్ డ్రైవరు, నర్సు ఆ యువతలోనే ఉంటారు. మేము వెనక గదిని ఏడాది పొడవునా అద్దెకు ఇస్తున్నాం, విహారయాత్రికులకు ఇస్తే ఇంకా ఎక్కువ వస్తుందని తెలిసి కూడా, అక్కడే పనిచేసే వారికే ఇస్తున్నాం.

ఇంటి విషయాలు క్లుప్తంగా చెబుతాను. బావి నీరో బోరు నీరో అయితే ఏడాదికి ఒకసారైనా సూక్ష్మజీవులకు, నైట్రేట్లకు పరీక్ష చేయించాలి. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, చివరిసారి ఎప్పుడు తోడారో అమ్మేవాళ్లను అడగాలి. అడవి అంచున ఉన్న ఇళ్లు చాలాసార్లు అంటుకునేది మంటల గోడ వచ్చి తాకినందువల్ల కాదు, గాలికి ఎగిరి వచ్చిన నిప్పురవ్వలు చూరు కాలువలోని ఎండుటాకుల మీద పడినందువల్ల. వాటిని ఊడ్చడం అందాన్ని చూసుకోవడం లాంటి పని కాదు, కానీ ప్రతి వేసవికి ముందు చేసి తీరాలి.

వీలైతే కొనకముందు ఏడాది పాటు అద్దెకు ఉండండి, ఏడాది కుదరకపోతే ఆ చోటుకు అన్నిటికంటే కష్టమైన కాలంలో మూడు నెలలు ఉండండి. పాత ఇంటిని ఆ ఏడాది అమ్మవద్దు. మేము రెండూ చేయలేదు. అదృష్టవశాత్తు చెడిపోలేదు, కానీ అదృష్టాన్ని మీకు సలహాగా ఇవ్వలేను.

మూడేళ్ల కిందట నేనూ నా భార్యా ఒక కాగితం రాసి పెట్టుకున్నాం. ఇద్దరిలో ఎవరం పగలు కూడా బండి నడపలేని రోజు వచ్చినా, ఒక్కరమే మిగిలి మొదటి చలికాలం గడిచాక అక్కడ ఉండాలనిపించకపోయినా, ఏడాదిలో రెండుసార్లు పడిపోయినా, ఇల్లు అమ్మి మా అమ్మాయి ఉండే పట్నానికి దగ్గరగా వెళ్లాలని అందులో ఉంది. మా అమ్మాయికి ఒక ప్రతి ఇచ్చాం. మేము ఆ ఊరికి చేరిన తేదీన ప్రతి ఏడాదీ దాన్ని తీసి చదువుతాం. మొన్న చదివినప్పుడు మా ఆవిడ కలం తీసుకుని చివర ఒక వాక్యం చేర్చింది. పట్నంలో చూసే ఇంటికి కిటికీ ఎలా ఉన్నా ఫరవాలేదు గానీ, గుమ్మం దిగితే నడవడానికి బాట మాత్రం ఉండాలని రాసింది.